పట్వారీ సీ అక్షరం దాకా వచ్చాడు

ఆ రోజు ఉదయం ఊటకుంట పట్వారీ గోవర్ధనరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. స్నానం, సంధ్య, చెంచాడు నెయ్యి, ఆ తరువాత ఇంగ్లీషు నిఘంటువులో నూట తొమ్మిదో పేజీ. పొద్దు బారెడెక్కేలోపు ఆ పేజీ కంఠస్థం కావాలి. ఆపైన గొడ్లకొట్టం చూరు బాగు చేయించాలి. అంతే. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చే ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదు.

ఇంగ్లీషు అతను సరదా కొద్దీ పట్టుకున్నది కాదు. ఇరవై ఏళ్లు నిజాం సర్కారుకు ఉర్దూలో రాసి రాసి వేళ్లు కాయలు కాచిన మనిషి. పోయిన సెప్టెంబరులో అయిదు రోజుల్లో ఆ సర్కారు కూలిపోయింది. తహసీలుకు కొత్తగా వచ్చిన అధికారి ఒక ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి చదవమన్నాడు. గోవర్ధనరావు దాన్ని అలవాటు ప్రకారం కుడి నుంచి ఎడమకు చూశాడు. అధికారి నవ్వాడు. ఆ నవ్వు విని ఇంటికొచ్చిన పట్వారీ రెండు రోజులు అన్నం తినలేదు.

మూడో రోజు స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లి, అక్కడి మిషన్ దవాఖాన కంపౌండర్ అబ్రహాంను పట్టుకున్నాడు. అబ్రహాం రోగుల వరస మధ్య ఊపిరాడకుండా ఉన్నాడు. బల్ల కింది నుంచి అట్ట లేని పుస్తకం ఒకటి తీసి ఇచ్చాడు. ఇంగ్లీషు మాటలు, పక్కనే తెలుగు అర్థాలు. బొటనవేలంత మందం ఉంది. ఇంగ్లీషు మొత్తం ఇంతేనా అని గోవర్ధనరావు లోలోపల సంతోషించాడు కూడా.

"పంతులూ, మొదటి నుంచి సదువుకుంట పోకుండ్రి. నీళ్లు, బువ్వ, అవును, కాదు, వద్దు, గిసొంటి పనికొచ్చే మాటలు అడుగుండ్రి, నేనే జెప్త," అన్నాడు అబ్రహాం.

"నలభై నంబరు చేను కొలవకుంట నలభై ఒకటిల కాలు పెడ్తమా అబ్రహాం? నాది పట్వారీ చదువు. ఒకటి ఒడిసినంకనే రెండు."

ఆ మాట మీదే నిలబడ్డాడు మహానుభావుడు. రోజుకో పేజీ. 'ఏ' అక్షరం అయిపోయింది, 'బీ' అయిపోయింది. నాలుగో నెలకు సీలో పడ్డాడు. ముందు పేజీ నోటికి రాకుండా వెనక పేజీ తిప్పి చూడటం అతని దృష్టిలో దొంగతనం. పుస్తకం చివర ఏముందో ఒక్కసారైనా చూడలేదు.

అతని చదువుకు రోజూ ఒకే శ్రోత, మస్కూరి బుచ్చయ్య. పట్వారీ లెక్కల దఫ్తరాలు నెత్తిన పెట్టుకుని ఊరూరా మోయడం బుచ్చయ్య పని. తాత చేశాడు, తండ్రి చేశాడు, కూలి అన్నది ఎవరికీ లేదు. ఆ ఉదయం కూడా అతను బర్రెకు గడ్డి వేస్తూ విన్నాడు.

"పంతులూ, బర్రె వచ్చిందా ఇంగ్లీషుల?"

"ఎప్పుడో వచ్చింది. బఫెలో."

"మరి జొన్నరొట్టె?"

"ఇంక రాలే."

"ఉప్పు?"

"దానికి శానా దూరమున్నదేమో."

"అయితే నువ్వు ఆ తెల్లోల్ల దేశం పోతే బర్రెను జూస్కుంట ఉపాసముంటవు," అన్నాడు బుచ్చయ్య. వారం కిందట జ్వరపడి లేచిన మనిషి, ఇప్పుడే మళ్లీ నవ్వుతున్నాడు.

"నోర్ముయ్‌రా బుచ్చిగా," అన్నాడు గోవర్ధనరావు. కానీ కోపం లేదు. బుచ్చయ్య మీద అతనికి కోపం రావడం మానేసి ఏడాది దాటింది. పోయిన ఏడు కమ్యూనిస్టుల సంఘం దళం ఊళ్లోకి వచ్చి, దొర గడీ కాగితాలతో పాటు పట్వారీ దఫ్తరం కూడా తగలబెట్టింది. మంటల పక్కన పట్వారీ కోసం వెతికారు. గడ్డివాములోకి అతన్ని తోసి, పైన నాలుగు మోపులు వేసి, వాటి మీద కూర్చుని చుట్ట కాల్చినవాడు బుచ్చయ్య. "పంతులు జనగామ పాయె" అని వాళ్లతో చెప్పాడు. గడ్డివాము మీద చుట్టేమిటని తరువాత పట్వారీ తిట్టాడనుకోండి, అది వేరే సంగతి. ప్రాణం మాత్రం అతను పెట్టిందే.

నూట తొమ్మిదో పేజీలో చివరి మాట కన్సీల్. దాచిపెట్టు అని అర్థం. గోవర్ధనరావు దాన్ని పదకొండు సార్లు అన్నాడు. పన్నెండోసారి అనబోతుండగా ఊళ్లోకి లారీ వచ్చింది.

దక్షిణాది నుంచి దింపిన రిజర్వు పోలీసులు. వాళ్ల అధికారికి మలయాళం వచ్చు, ఇంగ్లీషు వచ్చు. వెంట ఉండాల్సిన దుబాసీ జనగామలో చలిజ్వరంతో పడుకున్నాడు. మగవాళ్లందరినీ చావడి ముందు వరసగా కూర్చోబెట్టి, ఇక్కడ ఇంగ్లీషు వచ్చినవాడెవడని అడిగారు. ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదు గానీ 'ఇంగ్లీషు' అన్న ఒక్క మాట అందరికీ అందింది. ఊరంతా ఒకేసారి వేలు చూపింది.

గోవర్ధనరావు ఉత్తరీయం సవరించుకుని ముందుకొచ్చాడు. నోటికి ముందు పాత అలవాటే వచ్చింది. "తష్రీఫ్ లాయియే హుజూర్" అంటూ దయచేయమన్నాడు. ఒక జవాను ఉలిక్కిపడి "రజాకార్?" అంటూ తుపాకి ఎత్తాడు. ఆ తరువాత చస్తే ఉర్దూ మాట పెదవి దాటనివ్వలేదు. "కమ్" అన్నాడు. "చెయిర్" అన్నాడు.

అధికారి ముఖం విప్పారింది. కూర్చున్నాడు. "బటర్‌మిల్క్" అంటూ గోవర్ధనరావు చావడి పక్కనే ఉన్న తన ఇంటి వైపు చెయ్యి ఊపాడు. అతని భార్య లీలావతి చల్ల చెంబు తెచ్చింది. "బనానా" అన్నాడు, అరటిపళ్లు వచ్చాయి. మర్యాదకు కావలసిన సరుకంతా సీ లోపలే ఉంది చూడండి! జనం గర్వంతో ఒకరినొకరు చూసుకున్నారు.

"సూస్తివా, పంతులు ఎట్ల మాట్లాడ్తున్నడో," అంది బుచ్చయ్య భార్య కొమురమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అప్పుడే సోదా మొదలైంది. ఒక జవాను బుచ్చయ్య మొలలోంచి చిన్న కాగితం లాగాడు. లోపల పొగాకు ముక్క ఉంది. జవాను పొగాకు పారేసి కాగితం అధికారికి ఇచ్చాడు. అచ్చు ఇంగ్లీషు. మూలన పెన్సిలుతో మూడు నిలువు గీతలు. అధికారి చల్ల చెంబు కింద పెట్టాడు. సంతకం రాని మనిషి మొలలో ఇంగ్లీషు కాగితం! అతను లేచి, బుచ్చయ్యను చూపించి, ఒకే మాట అడిగాడు.

"కమ్యూనిస్ట్?"

ఈ మాట పట్వారీకి వచ్చు. వారం కిందటి పేజీ. కాదు అని చెప్పాలి. కాదు అనే మాటే రాదు. 'నో' తెలియనివాడుంటాడా అని ఇప్పటివాళ్లు అడుగుతారు. ఆ కాలంలో, ఆ ఊళ్లో, పైవాళ్లతో కాదు అని చెప్పే అవసరం ఎవరికీ ఏ భాషలోనూ పడలేదు. గోవర్ధనరావు తల అడ్డంగా ఊపాడు. పక్కన కూర్చుని వాంగ్మూలం రాసుకుంటున్న రైటరు కానిస్టేబులు కాగితం మీది నుంచి తల ఎత్తలేదు. వాడు రాసేది మాటలే. ఆ పద్ధతి పట్వారీకీ తెలుసు, ఇరవై ఏళ్లలో ఎవరి తల ఊపునూ అతను కూడా దఫ్తరంలో ఎక్కించలేదు.

ఉన్నవాటిలోనే వెతుక్కున్నాడు. లేడు అనడానికి ఆబ్సెంట్ ఉంది.

"కమ్యూనిస్ట్ ఆబ్సెంట్," అన్నాడు.

కమ్యూనిస్టులు పరారీలో ఉన్నారని రైటరు రాసుకున్నాడు.

పట్వారీ ఇంకో మాటకు తడుముకున్నాడు. వీడు నా మనిషి, నా దఫ్తరాలు మోసేవాడు అని చెప్పాలనుకున్నాడు. 'నా' అనే మాట లేదు. "బుచ్చయ్య క్యారీ బుక్స్. ఆల్ బుక్స్. బ్యాగ్," అన్నాడు.

అధికారి కనుబొమలు పైకి లేచాయి. పుస్తకాలు మోస్తాడు, అన్నీ సంచిలో వేసుకుని! రైటరు కింద గీత గీసి మరీ రాశాడు.

తన మాట ఎటో పోతోందని గోవర్ధనరావుకు తెలిసింది. ఏమైనా సరే, అసలు సంగతి చెప్పేయాలి. ఈ మనిషి సంఘం వాళ్ల నుంచి నా ప్రాణం కాపాడాడని చెబితే ఎవడు అనుమానిస్తాడు? మాటలన్నీ ఉన్నాయి. చివరిది పొద్దున్నే నెయ్యి వేసుకుని నేర్చుకున్నది. ధైర్యం తెచ్చుకుని ఒక్కొక్కటీ స్పష్టంగా పలికాడు.

"కమ్యూనిస్ట్ కమ్. బుక్స్ బర్న్. బుచ్చయ్య... కన్సీల్!"

ఎవరిని దాచాడో చెప్పాలి కదా. 'నన్ను' అనే మాట ఏ పేజీలో ఉందో ఆ దేవుడికే తెలుసు. గోవర్ధనరావు రొమ్ము మీద దబదబా కొట్టుకున్నాడు. రైటరు తల వంచుకునే ఉన్నాడు. కమ్యూనిస్టులు వచ్చారు, బుచ్చయ్య దాచాడు. కాగితం మీద అంతే పడింది. రెండు నిమిషాల్లో బుచ్చయ్య రెక్కలు వెనక్కి విరిచి కట్టారు.

లారీ కదిలాక కొమురమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏం జెప్పినవ్ పంతులూ? ఏం జెప్పినవ్?"

"ఉన్నదే జెప్పిన కొమురమ్మా. మంచిగనే జెప్పిన."

"మంచిగ జెప్తే కట్టేసి తీస్కపోతరా? నీ ఇంగ్లీషు మన్నువడ! ఆ ఘన్‌పూర్ కేంపుల రాత్రి ఉంచుకున్నోల్లను తెల్లారి గుట్టకు తీస్కపోతున్నరట. మొన్న అంజమ్మ కొడుకును తీస్కపోయిన్రు, బట్టలు గూడ ఇయ్యలే. నా పెనిమిటిని నువ్వే పంపినవ్, నువ్వే తేవాలె!"

గోవర్ధనరావు ఇంట్లోకి ఉరికి పుస్తకం తీశాడు. జీవితంలో మొదటిసారి క్రమం తప్పాడు. 'కాదు' కోసం, 'నన్ను' కోసం, 'అమాయకుడు' కోసం ముందుకు తిప్పాడు. సీ అయిపోయింది. డీలో నాలుగైదు ఆకులు ఉన్నాయి. చివరి ఆకులో చివరి మాట డెత్. చావు అని అర్థం. ఆ తరువాత పుస్తకం లేదు.

"తరువాత?" అంది లీలావతి.

"తరువాత ఏం లేదు."

"నాలుగు నెలల నుంచి ఇంట్ల ఉన్నది పుస్తకం. ఒక్కసారన్న చివరి ఆకు తిప్పలేదా మీరు? అయ్యో, ఏం చదువండి ఇది!" అని ఆమె నెత్తి కొట్టుకుంది. అంతలోనే చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. "నడువుండ్రి. ఆ కంపౌండర్‌నే అడుగుండ్రి."

ఘన్‌పూర్ రెండు కోసుల దూరం. పుస్తకం చంకలో పెట్టుకుని పట్వారీ మిట్టమధ్యాహ్నం దవాఖాన చేరేసరికి అతని గొంతులో తడి లేదు. అబ్రహాం అంతా విని, గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాడు.

"ఆ కాగితం నాదే పంతులూ. లడాయి దినాల నుంచి కాయిదం యాడ దొరుకుతున్నది? జరం పొడి పొట్లాలు గట్టెతందుకు ఈ పుస్తకం ఆకులే చింపిన. ఎనక నుంచి చింపుకుంట వచ్చిన. దినానికి మూడుపూటలు ఎయ్యాలంటే మూడు గీతలు. బుచ్చయ్యకు మొన్న నేనే ఇచ్చిన. చింపిన ఆకులు ఇంక పొట్లాలకు వాడుతనే ఉన్న, మిగిలిన ముక్క మీకిచ్చిన."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. బుచ్చయ్యకు జ్వరం మాత్రం నిజంగానే తగ్గింది.

"నడువు, నువ్వొచ్చి జెప్పు," అన్నాడు గోవర్ధనరావు.

లోపల నుంచి ఒక ఆడమనిషి కేక వినిపించింది. కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ అబ్రహాంను పిలుస్తోంది. "ఒక్క గడియ ఆగుండ్రి. లేకుంటే పోయి నా పేరు జెప్పుండ్రి. అబ్రహాం, కంపౌండర్, గంతే జెప్తే సాలు. ఇంకో మాట నేర్సుకోండ్రి, ఇన్నోసెంట్. ఏ పాపం ఎరుగనోడని," అంటూ లోపలికి పరుగెత్తాడు.

గోవర్ధనరావు ఆగలేకపోయాడు. పొద్దు వాలుతోంది. రైలుకట్ట పక్కనున్న కేంపు దాకా ఆ ఒక్క మాటే అనుకుంటూ నడిచాడు. ఇన్నోసెంట్, ఇన్నోసెంట్. పుస్తకం చూపిస్తే వాళ్లకే అర్థమవుతుంది, ఇది ఉత్త నిఘంటువని, ఆ కాగితం దీంట్లోదేనని. ఎంత తేలిక! దారిలో అతనికి కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

కేంపు ఆవరణలో బుచ్చయ్య గుంజకు కట్టేసి ఉన్నాడు. పెదవి చిట్లి రక్తం గడ్డకట్టింది. పట్వారీని చూసి, "అచ్చినవా పంతులూ," అన్నాడు నీరసంగా. "ఇంగ్లీషుల ఏం జెప్పకు. నీ కాల్మొక్త."

గోవర్ధనరావు వినలేదు. అధికారి బల్ల ముందు నిలబడి, బుచ్చయ్యను చూపించి, బిగ్గరగా అన్నాడు. "ఇన్నోసెంట్!"

అధికారి గభాలున బల్ల మీది కాగితం అందుకున్నాడు. బుచ్చయ్య మొలలో దొరికిన కాగితం అది. వేలితో వరసలు తడిమాడు. ఆ మాట అందులోనే ఉంది. అప్పుడు పట్వారీ చంకలోంచి పుస్తకం తీసి, ఎంతో ఆశతో, బల్ల మీద పెట్టాడు.

అధికారి ఆ పుస్తకం ఆకులు తిప్పి, చేతిలోని కాగితం పక్కన పెట్టి చూశాడు. తరువాత సొరుగు తెరిచి ఒక్కొక్కటే కాగితాలు తీసి పక్కన పరిచాడు. కురవి దగ్గర దొరికింది ఒకటి. దేవరుప్పుల పక్క తండాలో దొరికింది ఒకటి. భూపాలపల్లి అడవి అంచు నుంచి ఒకటి. మొత్తం తొమ్మిది. అన్నీ అదే అచ్చు, అన్నింటి మూలనా రెండో మూడో పెన్సిలు గీతలు. నెల రోజులుగా అతను ఈ కాగితాల గుట్టు కోసమే నిద్ర మానుకున్నాడు. ఊరికో ఆకు, ఆకుకో గుర్తు. అసలు పుస్తకం ఎవడి దగ్గరుందో వాడే ఈ ముఠాకు నాయకుడు. ఆ పుస్తకం ఇప్పుడు తన కాళ్లతో తానే నడిచి వచ్చింది.

"కోడ్," అన్నాడు అధికారి పుస్తకం మీద చెయ్యి వేసి. పట్వారీ వైపు వేలు చూపి, "చీఫ్?" అన్నాడు.

రెండు మాటలూ గోవర్ధనరావుకు వచ్చు. రెండూ సీలోవే. అధికారి పుస్తకం ఎత్తి, ఎవరో ఇస్తున్నట్టు చేతితో అభినయించి, ఎవరు ఇచ్చారని అడిగాడు. ఆ ప్రశ్న ఏ భాష వాడికైనా అర్థమవుతుంది.

అబ్రహాం. కంపౌండర్.

చెప్పాల్సినవి రెండే మాటలు. మొదటిది పేరు, రెండోది నూట ఏడో పేజీ. ఆ రోజు మొదటిసారి అతనికి కావలసిన మాటలన్నీ అతని దగ్గర ఉన్నాయి. నోరు తెరిచాడు కూడా. అప్పుడు కళ్లు మళ్లీ ఆ తొమ్మిది కాగితాల మీద పడ్డాయి. మూడింటి మీద నల్లగా ఎండిన మరకలున్నాయి. అది పొగాకు మరక కాదు. వాళ్లకూ జ్వరమే వచ్చి ఉంటుంది. వాళ్లకూ ఎవరో పొడి ఇచ్చి, మూడుపూటలా వేసుకోమని చెప్పి ఉంటారు. దవాఖానలో ఆ కేక ఆగిందో లేదో, బిడ్డ బయటపడిందో లేదో.

గోవర్ధనరావు నోరు మూసుకున్నాడు. భయపడుతూనే వేలు తన రొమ్ము మీద పెట్టుకున్నాడు.

పొద్దున తల ఊపితే రాయని రైటరు ఈసారి ఆలస్యం లేకుండా రాసుకున్నాడు.

నాయకుడు దొరికాక మోసేవాడితో ఏం పని? వాడికి అక్షరం ముక్క రాదు, తిండి దండగ. ఒక జవాను బుచ్చయ్య కట్లు కోసి వీపు మీద ఒక్కటి వేసి తరిమాడు. అదే గుంజకు, అదే తాడుతో పట్వారీని కట్టారు. తాడు చాలకపోతే అతని ఉత్తరీయం వాడారు.

మరునాడు తెల్లారకముందే, బుచ్చయ్య పోయి చెప్పగా, అబ్రహాం మిషన్ డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చి, పొట్లాల సంగతంతా చెప్పాడు. ఆమె తెల్లదొరసాని కాబట్టి అధికారి లేచి నిలబడి విన్నాడు, నమ్మాడు కూడా. అందుకే గోవర్ధనరావు గుట్టకు కాక జైలుకు వెళ్లాడు. చెప్పిందంతా కాగితం మీద పెట్టారు. ఆ కాగితం వరంగల్లు పోయి, హైదరాబాదు పోయి, ఎవరో చదివి వెనక్కి పంపేసరికి పదకొండు నెలలు పట్టింది. మరకల కాగితాల తాలూకు ముగ్గురి గురించి అందులో ఏమీ లేదు. వాళ్ల విషయం అడిగినవాళ్లు లేరు.

జైల్లో సంఘం వాళ్లతో కలిపి వేశారు. దఫ్తరం తగలబెట్టిన వాళ్లలో ఒకడు అదే గదిలో ఉన్నాడు, బడిపంతులు. మొదటి నెల ఇద్దరూ ముఖాలు చూసుకోలేదు. రెండో నెల నుంచి అతనే డీ నుంచి మొదలుపెట్టి జెడ్ దాకా చెప్పాడు. క్రమం తప్పలేదు.

విడుదలై ఘన్‌పూర్ స్టేషనులో దిగేసరికి బుచ్చయ్య ఎదురు చూస్తున్నాడు. పట్వారీ మూటను ఎప్పటిలా నెత్తిన పెట్టుకోబోతే గోవర్ధనరావు ఇవ్వలేదు. ఇద్దరూ కాసేపు పెనుగులాడి, చెరో చివర పట్టుకుని నడిచారు.

"సదువు ఒడిసిందా పంతులూ?"

"ఒడిసింది బుచ్చయ్యా."

"ఆనాడు నీకు దొరకని మాట, నన్ను అనేది, ఏమంటరు ఇంగ్లీషుల?"

"మీ."

"గంతేనా?"

"గంతే."

"గంత చిన్న మాటకు గింత జేసినవ్ గదా," అని బుచ్చయ్య, నవ్వలేక, కళ్లు తుడుచుకున్నాడు. గోవర్ధనరావు కూడా తుడుచుకున్నాడు. తరువాత బుచ్చయ్య మొలలోంచి పొగాకు తీశాడు. ఇప్పుడది మోదుగాకులో చుట్టి ఉంది. దవాఖానలో పొడులు కూడా ఆకులోనే కట్టిస్తున్నారట. ఒక ముక్క తుంచి, మొహమాటంగా, ఆకుతో సహా పట్వారీ ముందు పట్టాడు. మస్కూరి చేతి నుంచి ఏదైనా తీసుకోవడం గోవర్ధనరావు వంశంలో అంతవరకు లేదు. అతను ఆకు తీసుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏం జూస్తున్నవ్ పంతులూ?"

"ఏమన్న రాసి ఉన్నదేమో అని."

ఆకు మీద ఏ భాషా లేదని రూఢి చేసుకున్నాకే గోవర్ధనరావు పొగాకు నోట్లో వేసుకున్నాడు.